కుడి భుజం వెనక పిలుపు

2023. వానలు వెనకపట్టినా ఉక్కపోత మాత్రం సూరత్ విడిచి వెళ్ళని రోజులు. పర్వత్ పాటియాలో చీరల గోడౌన్ మీద ఉన్న ఒక జిమ్‌లో నేను ట్రైనర్‌ని. మెట్లెక్కేటప్పుడు కొత్త చీరల గంజి వాసన, తలుపు తీయగానే చెమట వాసన. ఈ రెండు వాసనల మధ్యే నా ఉద్యోగం చాలా ఏళ్ళుగా సాగుతోంది.

నాన్న రైల్వేలో పనిచేసేవారు. బదిలీ మీద ఇక్కడికొచ్చి ఇక్కడే రిటైరయ్యారు. నేను ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, బళ్ళో హిందీ మాట్లాడుతూ పెరిగాను. ఆడదానికి జిమ్‌లో ఉద్యోగమేమిటని మా అత్తగారు మొదట్లో మూతి ముడిచారు. ఆవిడ మోకాళ్ళ నొప్పికి నేనే వ్యాయామం చేయించాక ఆ మూతి కాస్త సడలింది. పొద్దున లేడీస్ బ్యాచ్, సాయంత్రం ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళు. మధ్యాహ్నం ఖాళీ. నడుము పట్టేసిందని, భుజం లేవడం లేదని డాక్టర్లు పంపేవాళ్ళను ఆ ఖాళీ వేళలో నాకు అప్పగిస్తారు.

ఇన్నేళ్ళలో మరిచిపోలేని మనిషి ఎవరని అడిగితే, బరువు తగ్గి పెళ్ళి కుదుర్చుకున్న అమ్మాయి గురించి చెప్తుంటాను. వినేవాళ్ళకు అదే ఇష్టం. రాజేశం గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్తే నా బుర్ర మీద అనుమానపడతారని ఊరుకున్నాను. పడితే పడనీ, ఇప్పుడు చెప్తాను.

రాజేశం జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చిన నేత కార్మికుడు. సాంచల కార్ఖానాలో పని. సాంచ అంటే కరెంటుతో నడిచే మగ్గం. నలభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉంటాడు. కనుబొమల్లో కూడా నూలు దుమ్ము. మొదటి రోజు మెషీన్లన్నిటినీ కొత్తల్లుడు అత్తారిల్లు చూసినట్టు బిడియంగా చూస్తూ తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఏమైంది రాజేశంభాయ్?" అన్నాను. ఈ ఊళ్ళో ఎంతటివాడైనా భాయే.

"నడుము మేడం. ఎడమ దిక్కు గుంజుతున్నది. పొద్దుగాల లేవనిస్తలేదు. ఎండకాలం సంది గిట్లనే ఉన్నది."

"పనికి వెళ్తున్నారా మరి?"

"పోకుంటే ఎట్ల? కని సేఠ్ ఒక మాటన్నడు. దివాలీ ఛుట్టీ అయినంక నడుము మంచిగుంటేనే రా, లేకుంటే ఇంకొకన్ని పెట్టుకుంట అన్నడు. నాకు ఇంకో పని రాదు మేడం. చిన్నప్పటి సంది సాంచలే."

సేఠ్ కోపం నడుము మీద కాదు, బట్ట మీద. నేత కార్మికుడు రెండు వరుసల సాంచల మధ్య సందులో నిలబడతాడు. ఎడమ వరుసలో పోగు తెగితే అటు తిరిగి కట్టాలి, కుడి వరుసలో తెగితే ఇటు తిరిగి కట్టాలి. రోజంతా ఇదే పని. రాజేశం ఎడమ వరుస బట్ట అద్దంలా వస్తోంది, కుడి వరుస బట్ట పాడవుతోంది. దీపావళి సెలవుల తరవాత అతనికి పని ఉంటుందా ఉండదా అన్నది ఆ నడుము మీదే ఆధారపడి ఉంది.

ఎముకలో, డిస్క్‌లో ఏ లోపమూ లేదని, నడుము పక్కల కండరాలు మాత్రం అలిసిపోయి బిగిశాయని డాక్టరు రాసి పంపారు. ఆ పక్క కండరాల్నే మేము ఆబ్లిక్స్ అంటాం. పొట్టకు రెండు పక్కలా, పక్కటెముకల కింద నుంచి తుంటి దాకా ఏటవాలుగా రెండు పొరలుగా ఉంటాయి. కుడివైపు తిరగాలంటే ఎడమ పక్క పై పొర, కుడి పక్క లోపలి పొర కలిసి లాగాలి. అంటే ఏ వైపు తిరిగినా రెండు పక్కలకూ పనే. ఒక పక్కనే వాడుకుని రెండో పక్కను ఊరికే వదిలేస్తే ఎప్పుడో ఒకప్పుడు అలిగి కూర్చుంటుంది.

వీటిని బలపరచడానికి మా దగ్గర రోటరీ టార్సో అనే మెషీన్ ఉంది. సీటు మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య మెత్తను నొక్కిపట్టి, ఛాతీని ముందున్న మెత్తకు ఆనించి, పిడులు పట్టుకుని నడుము పై భాగాన్ని ఒక పక్కకు తిప్పాలి. తిప్పినప్పుడు వెనకాల ఇనుప పలకలు లేస్తాయి. తుంటి కదలకూడదు. మెడ ఒక్కటే తిరగకూడదు, ఛాతీతో పాటే రావాలి. తిరిగేటప్పుడు ఊపిరి వదలాలి, వచ్చేటప్పుడు పీల్చాలి. బరువు అన్నిటికంటే తేలికది పెట్టాలి. ఎంత దూరం తిరగవచ్చో ఒక పిన్‌తో హద్దు పెడతాం, దాన్ని రేంజ్ అంటాం. కాలికి తిమ్మిరి పాకేవాళ్ళు, డిస్క్ జారినవాళ్ళు డాక్టరు ఒప్పుకోకుండా ఈ సీటు ఎక్కకూడదు. చూడటానికి ఉయ్యాలలా ఉంటుంది గాని, ఊపుతో తిప్పితే నడుము విరుస్తుంది.

రాజేశం చేసిన మొదటి పని ఊపుతో తిప్పడమే. కూర్చోగానే ఎడమవైపు టక టక టకమని మొదలుపెట్టాడు. పలకలు ఒకదానిమీద ఒకటి పడుతుంటే ఆ గదిలో సాంచ నడుస్తున్నట్టే ఉంది.

"అరె రాజేశంభాయ్, ధీరే! ఇది సాంచ కాదు. ఆగి, నెమ్మదిగా రండి."

"ఆగితే బట్ట ఆగుతది గద మేడం," అని సిగ్గుగా నవ్వాడు.

తప్పు అతనిది కాదు. ఇరవై ఏళ్ళ పైన ఆ మోత అతని ఒంట్లోకి దిగిపోయింది. కాఫీ తాగినా ఆ తాళంలోనే తాగుతాడేమో. నేను పక్కన నిలబడి గట్టిగా లెక్కపెడుతూ నెమ్మది నేర్పాను. పలకలు చప్పుడు లేకుండా లేచి, చప్పుడు లేకుండా దిగాలన్నాను. త్వరగానే పట్టుకున్నాడు.

తరవాత రెండో వైపు. హద్దు పిన్ మార్చి కుడివైపు తిప్పమన్నాను. నడిమధ్య దాకా బాగానే వచ్చాడు. అది దాటి ఒక జానెడు వెళ్ళాడో లేదో ఆగిపోయాడు.

"నొప్పా?"

"లేదు మేడం."

"మరి?"

"గంతే. ఇంక పోదు."

బరువు పూర్తిగా తీసేశాను. బరువు లేకపోతే ఆ పిడి చిటికెన వేలుతో తోసినా కదులుతుంది. అయినా అదే చోట ఆగాడు. మర్నాడూ అక్కడే, ఆ మర్నాడూ అక్కడే. ఒకసారి పిడి పట్టుకున్న అతని చేతుల మీద నా చూపు పడింది. కుడి చేతి మీద వెంట్రుకలు నిలువునా లేచి ఉన్నాయి. ఎడమ చేతి మీద మాత్రం పడుకునే ఉన్నాయి. ఫ్యాను రెండు చేతుల మీదా ఒకేలా తిరుగుతోంది. ఏసీ మా జిమ్‌లో లేదు, చెమట పట్టకపోతే జిమ్ ఎందుకని మా యజమాని సిద్ధాంతం.

ఇది గార్డింగ్ అని తేల్చేశాను. ఒకసారి నొప్పి తగిలితే, ఆ తరవాత నొప్పి లేకపోయినా ఒళ్ళు ఆ కదలికను అడ్డుకుంటుంది, దాన్ని గార్డింగ్ అంటాం. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు కదా. నెమ్మదిగా ఊపిరి తీయించి, కళ్ళు మూయించి, పిల్లాడిని బుజ్జగించినట్టు బుజ్జగించాను. ఏం లాభం లేదు.

ఒక మధ్యాహ్నం అతని మంచినీళ్ళ సీసా కుడివైపు స్టూలు మీద ఉంది. దాహమేసి లేచాడు. కుడికి ఒక్క అడుగేస్తే చాలు. ఆ అడుగు వేయకుండా ఎడమవైపు నుంచి గుండ్రంగా మొత్తం తిరిగి వచ్చి సీసా అందుకున్నాడు. తను ఏం చేశాడో తనకే తెలియలేదు. నాకు మాత్రం అప్పుడు అర్థమైంది. సాంచల సందులో కూడా కుడి వరుస చూడాలంటే ఇతను ఇలాగే ఎడమ నుంచి చుట్టూ మెలితిరుగుతున్నాడు. ఎడమ పక్క పట్టేయక ఏం చేస్తుంది? నొప్పి వచ్చి తిరగడం మానలేదు, తిరగడం మాని నొప్పి తెచ్చుకున్నాడు.

దొంగను పట్టినంత సంతోషం వేసింది. అతన్ని మళ్ళీ సీటు మీద కూర్చోబెట్టి, తుంటి కదలకుండా పట్టుకుందామని కుడి భుజం వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ట్రైనర్ నిలబడాల్సిన చోటు అదే.

"అక్కా," అన్నాడు. అప్పటిదాకా మేడం అనేవాడు. "జర ఇవతలికి రా. ఆడ నిలబడకు."

"ఎందుకు?"

"వాడు నిలబడేది ఆడనే."

నేను పక్కకు జరిగాను. జరిగాక నా మీద నాకే కోపం వచ్చింది. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద టెంపోలు హారన్లు కొడుతుండగా, ఖాళీ చోటుకు దారిచ్చి నిలబడటమేమిటి? ఎదురుగా గోడంతా అద్దమే. "చూడండి, మీ వెనక ఎవరున్నారు?" అని అద్దం వైపు వేలు చూపించాను.

అతను తల ఎత్తలేదు. "గొంతు అద్దంల కనబడదు గద అక్కా," అన్నాడు.

ఆ రోజు వ్యాయామం మానేసి ఎదురుగా బల్ల మీద కూర్చున్నాను. చెప్పమన్నాను. తల వంచుకునే చెప్పాడు.

"సాంచల కాడ ఎవ్వరు ఎవ్వరిని పేరు వెట్టి పిలువరక్కా. ఆ మోతల ఏమినబడుతది? చెయ్యి ఊపుతం, లేకుంటే దగ్గరికొచ్చి భుజం తడుతం. దూరముంటే ఖాళీ కండె ఇసురుతం. గందుకే పెద్దమనుషులు పనిల చేరిన దినమే ఒక మాట చెప్తరు. మోతల నీ పేరు సాఫ్‌గ ఇనబడ్డదంటే గది మనిషి పిలుపు కాదు. మెడ తిప్పకు. తిప్పినవంటే నీ ఎంబడి ఇంటిదాక వస్తది."

"మీరు నమ్ముతారా?"

"నమ్ముడేంది అక్కా, అందరు గట్లనే చేస్తరు. మెడల తాయెత్తు ఎట్లనో గది గూడ గట్లనే."

రెండేళ్ళ కింద అతనికి మల్లేశం అని ఒక జోడీదార్ ఉండేవాడు. ఒకే ఊరివాళ్ళు, ఒకే సందులో పని. రాజేశానికి కుడి భుజం వెనకగా మల్లేశం సాంచలు. మల్లేశం పాడేవాడు. గణపతి మండపంలో అతను గొంతెత్తితే మైకు అక్కరలేదని, పక్క గల్లీ వాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారని చెప్పాడు. సాంచల మోతలో కూడా మల్లేశం పెదవులు కదులుతూనే ఉండేవట.

"గా దినం పోగు కడుతున్న. ఎనుక నుంచి 'రాజేశా' అని ఇనబడ్డది. సాఫ్‌గ. చెవుల నోరు వెట్టి పిలిచినట్టు. మల్లిగాని గొంతే. నా పానం జల్లుమన్నది. గంత మోతల మనిషి గొంతు ఎట్లొస్తది? పెద్దలు చెప్పిన మాట యాదికొచ్చింది. తిరుగలే. చేతిల పోగు కట్టిన. ఇంకో పోగు కూడ కట్టిన."

అతని వేళ్ళు గాలిలోనే ఆ ముడి వేసి బిగించాయి.

"గప్పుడు సాంచలన్ని ఒక్కసారి బందయినయి. ఎవరో మెయిన్ ఆపిన్రు. తిరిగి చూస్తె మల్లిగాని మెడల తువ్వాల మోటరు బెల్టుల వడి గుంజుకపోయింది. మోకాళ్ళ మీద ఉన్నడు. మొఖం నల్లగయింది."

"చనిపోయాడా?"

"లేదు. బతికిండు. ఊరవతల సచిన్‌ల ఒక కార్ఖానా గేటు కాడ వాచ్‌మెన్ పని చేస్తున్నడట. దవాఖానల ఒక్కపారి చూసిన. మళ్ళ పోలే. ఏ మొఖం వెట్టుకోని పోవాలె?"

"బతికే ఉన్నాడు కదా, ఇంక భయమెందుకు?"

రాజేశం మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు. "గప్పటి సంది సాంచల కాడ రోజు పిలుస్తుండు. ఇప్పుడు నీ మిషన్ మీద గూడ పిలుస్తుండు. సచ్చినోడు పిలిస్తే దయ్యమంటరు. బతికున్నోడు పిలిస్తే ఏమంటరక్కా?"

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్తే, బ్యాంకులో పద్దులు చూసి చూసి దేనికీ ఆశ్చర్యపడని ఆ మనిషి, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నారు. కందకు దురద ఉంది, అదే కదా గొడవ అన్నాను. దీపావళి ఎంతో దూరం లేదు. ఆదివారం స్కూటీ తీసుకుని సచిన్ వెళ్ళాను.

నా ఆలోచన చాలా తేలిక. మల్లేశాన్ని తీసుకొచ్చి రాజేశం వెనక నిలబెట్టి, 'రాజేశా' అని ఒక్కసారి గట్టిగా పిలిపించాలి. నిజం గొంతు వింటే ఉత్త గొంతు పారిపోతుంది. ఇంత చిన్న పనికి ఇన్నాళ్ళు పట్టిందేమిటని దారంతా అనుకున్నాను.

కార్ఖానా గేటు పక్కన రేకుల నీడలో ఖాకీ చొక్కా మనిషి ఉన్నాడు. అంత ఎండలోనూ చొక్కా గుండీలు గొంతు దాకా పెట్టుకుని ఉన్నాడు. మల్లేశం మీరేనా అని అడిగితే తల ఊపాడు. నన్ను నేను చెప్పుకుని, రాజేశం సంగతంతా చెప్పాను. వింటున్నంతసేపూ కదలలేదు. అంతా అయ్యాక నోరు తెరిచాడు.

గాలి మాత్రమే వచ్చింది. నేను ఒక అడుగు ముందుకు వేసి చెవి దగ్గరగా పెట్టవలసి వచ్చింది. ఆకులు రాసుకున్నట్టుంది ఆ మాట.

"ఏ గొంతు మేడం? ఇప్పటిదా, మునుపటిదా?"

నా వీపు మీద చెమట చల్లబడింది. నేను ఇతని దగ్గర్నుంచి తీసుకెళ్దామని వచ్చిన గొంతు ఇతని దగ్గర లేదు. ఆ తువ్వాల దాన్ని తీసుకుపోయింది. రాజేశం కుడి భుజం వెనక తప్ప ఈ లోకంలో అది ఇంకెక్కడా లేదు.

"మునుపటిదట," అన్నాను. "మైకు అక్కరలేని గొంతట."

మల్లేశం స్టూలు మీద కూర్చుండిపోయాడు. లోపలి సాంచల మోతకు గేటు రేకులు సన్నగా వణుకుతున్నాయి. నా వైపు చూసి, "ఛుట్టీ దినం నేనొస్త. నాకు జర ఇనాలనున్నది," అన్నాడు.

అతని ఛుట్టీ రోజు మధ్యాహ్నం మా జిమ్‌లో మేం ముగ్గురమే ఉన్నాం. కింద గోడౌన్ కూడా మూసేసి ఉంది. మల్లేశం వస్తున్నాడని రాజేశానికి ముందే చెప్పాను. సీటు మీద తల వంచుకుని, మోకాళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు. మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. మల్లేశం లోపలికొచ్చి ఒక స్టూలు తీసుకుని నేరుగా రాజేశం కుడి భుజం వెనక్కి వెళ్ళి వేసుకుని కూర్చున్నాడు. ఆ చోటు అతనికి నేను చూపలేదు. తరవాత తట్టింది, సాంచల సందులో అతను నిలబడిన చోటు అదే కదా. తట్టినా ఒళ్ళు జలదరించడం మానలేదు.

రాజేశం తిరగలేదు. నేల చూస్తూనే, "మల్లిగా, తప్పయింది ర," అన్నాడు. "ఇన్న. తిరుగలే."

"ఏమిన్నవ్?" గది అంత నిశ్శబ్దంగా ఉండబట్టి గాని, ఆ మాట వినబడేది కాదు.

"పిలిచినవు గద."

"పిలువలే ర."

రాజేశం మొహం పాలిపోయింది.

"పిలువకుంటే నాకెట్ల ఇనబడ్డది?"

"నాకేమెరుక? తువ్వాల మొదలే గొంతు మీదికొచ్చింది. నోరు తెరిచిన. నోట్ల నీ పేరే ఉండె. బయటికి రాలే. గప్పటి సంది ఇంకేమి రాలే."

నేను మెషీన్ పిడి పట్టుకుని నిలబడ్డాను. ఏదో ఒకటి పట్టుకోవాలనిపించింది.

"ఇంక పిలుస్తున్నదా?" అని మల్లేశం అడిగాడు.

"ఆ."

"ఎట్లున్నది ర?"

"ఏంది?"

"నా గొంతు. మంచిగున్నదా?"

రాజేశం ఏడ్చాడు. ఎదిగిన మగవాడు అంత చప్పుడు లేకుండా ఏడవడం నేను చూడలేదు. "గట్లనే ఉన్నది ర," అన్నాడు. "గణపతి కాడ పాడినట్లే ఉన్నది."

"నేను మర్చిపోయిన," అన్నాడు మల్లేశం. "మా చిన్న బిడ్డయితే నా గొంతు ఇననే లేదు. నీ కాడ ఉన్నదని నాకు ఎరుక లేదు." స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, "మళ్ళ పిలిస్తే తిరుగు. నేనీడనే కూసుంట. తిరిగితే నేనే కనబడుత," అన్నాడు.

నాకు తెలిసింది నా పని ఒక్కటే, అదే చేశాను. తేలిక పలక ఒక్కటి పెట్టాను. హద్దు పిన్ సగం దూరంలోనే ఉంచాను. మోకాళ్ళు మెత్తను నొక్కాయా, తుంటి సీటుకు ఆనిందా చూసుకున్నాను. "ఊపిరి వదులుతూ, ధీరే ధీరే," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

రాజేశం కుడివైపు కదిలాడు. నడిమధ్య దాటాడు. ఆ జానెడు దూరంలో ఆగాడు. నేను కళ్ళారా చూస్తుండగా అతని కుడి చేతి మీద వెంట్రుకలు మణికట్టు నుంచి మోచేయి దాకా ఒక్కొక్కటే లేచాయి.

"పిలుస్తున్నది," అన్నాడు.

నేనేమీ వినలేదు. ఎవరి మీద ఒట్టు పెట్టమన్నా పెడతాను, ఏమీ వినలేదు. కానీ స్టూలు మీద మల్లేశం ముందుకు వంగాడు. కళ్ళు మూసుకున్నాడు. అతని తల మెల్లగా, తాళానికి ఊగినట్టు ఊగింది.

రాజేశం ఊపిరి వదిలాడు. వదులుతూ తిరిగాడు. పలక చప్పుడు లేకుండా లేచింది. ఛాతీ తిరిగింది, ఛాతీతో పాటు మెడ, గడ్డం కుడి భుజం మీదికి వచ్చాయి. రెండేళ్ళుగా చూడని చోటును చూశాడు. అక్కడ మల్లేశం ఉన్నాడు, పెదవులు మూసుకుని, కళ్ళు తెరిచి.

అలా ఒకరినొకరు ఎంతసేపు చూసుకున్నారో నాకు తెలియదు. బరువు పట్టి అంతసేపు ఉండకూడదని చెప్పాల్సింది నేనే, చెప్పలేకపోయాను. అతని చేతి మీది వెంట్రుకలు మళ్ళీ పడుకోవడం చూశాను.

"బందయింది," అన్నాడు రాజేశం.

మల్లేశం తల ఊగడం ఆగింది. "పోయిందా?"

"పోయింది ర."

మల్లేశం ఇంకాసేపు చెవి ఒగ్గి కూర్చున్నాడు. తరవాత చెయ్యెత్తి, అప్పటికే పెట్టి ఉన్న చొక్కా పై గుండీని మళ్ళీ ఒకసారి సర్దుకున్నాడు. నా ఉద్యోగంలో ఇంత బాగా కుదిరిన కేసు ఇంకొకటి లేదు. అయినా ఆ గుండీ సర్దుకున్న చెయ్యి గుర్తొస్తే నాకు సంతోషంగా ఉండదు. ఒకడికి నడుము దొరికిన క్షణంలోనే ఇంకొకడికి గొంతు రెండోసారి పోయింది.

దీపావళి దాకా రాజేశం రోజూ వచ్చాడు. బలహీనంగా ఉన్న కుడివైపు తిరగడం ముందు చేయించి, అది ఎంత చేస్తే ఎడమవైపు కూడా అంతే చేయించాను. నెమ్మదిగా రెండు వైపులా సమానమయ్యాయి. సెలవుల తరవాత అతను మళ్ళీ సాంచల మధ్యకు వెళ్ళాడు. కుడి వరుస బట్ట కూడా బాగానే వస్తోందట. సందులో ఎవరు పిలిచినట్టనిపించినా ముందు తిరిగి చూస్తాడట. పెద్దలు కోప్పడితే నవ్వి ఊరుకుంటాడట. ఛుట్టీ రోజున సచిన్ వెళ్ళి, రాగమన్నదే ఎరగని తన గొంతుతో మల్లేశం పాటలు మల్లేశానికే పాడి వినిపిస్తాడు. తప్పు పాడినచోట మల్లేశం తొడ మీద కొట్టి ఆపుతాడు. ఆ చిన్న బిడ్డ పక్కనే కూర్చుని వింటుందని రాజేశమే చెప్పాడు.

ఈ కేసు తరవాత నా పద్ధతి కొంత మారింది. ఎవరైనా ఒక పక్కకు తిరగలేకపోతే, ఎక్కడ నొప్పి అని ఇదివరకు అడిగేదాన్ని, ఇప్పుడు ఆ పక్కన ఏముందని కూడా అడుగుతాను. మెషీన్ మీద ఉన్న మనిషిని వెనక నుంచి పేరు పెట్టి పిలవను, ఎవరినీ పిలవనివ్వను. ఉలిక్కిపడి తిరిగితే నడుము పట్టేస్తుందని చెప్తాను. అది నిజమే.

మొన్నొక మధ్యాహ్నం ఒంటరిగా ఉండి ఆ మెషీన్ తుడుస్తున్నాను. వెనక నుంచి, కుడి భుజం దగ్గర, "లతా" అని వినబడింది. ఈ జిమ్‌లో నేను కొందరికి లతాబెన్‌ని, కొందరికి మేడంని, రాజేశానికి అక్కని. మా ఆయన పేరు పెట్టి పిలవరు, నాన్న పోయాక ఉత్త లత అని పిలిచేవాళ్ళు నాకిప్పుడు ఎవరూ లేరు. నా కుడి చెయ్యి వైపు చూసుకోవాలంటే భయమేసింది. సాంచల వాళ్ళ మాట గుర్తుంది, మెడ తిప్పకూడదని.

తిప్పాను. తిరిగి చూస్తే ఎవరూ లేకపోతే పోయేదేమీ లేదు. తిరగకపోతే ఏం పోతుందో సచిన్ గేటు దగ్గర చెవి ఒగ్గి విన్నాను.

ఎవరూ లేరు. మల్లేశం వేసుకున్న స్టూలు మాత్రం ఉంది. అది అక్కడ అడ్డమని మా యజమాని రెండుమూడు సార్లు అన్నాడు. నేను తీయలేదు.